మునస్వామి పట్టిన తుపాకీ

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం రేణిగుంటలో దిగాను. ఉదయం ఏడున్నర. భుజాన కిట్ బ్యాగు, జేబులో బదిలీ ఉత్తర్వు. స్టేషన్‌కు అర మైలు దూరంలో రేకుల గిడ్డంగి. లోపల పొయ్యిలో ఉన్నట్టుంది. సుబేదారు, గుమాస్తా, తుపాకుల మిస్త్రీ, నేను. నలుగురమే. బర్మాలో పట్టుబడ్డ తుపాకుల పెట్టెలు విప్పాలి. ఎవరి పేరైనా ఉన్న చీటీ కట్టినవి వాళ్లకు చేరేలా ఓడకు పంపాలి. చీటీ లేనివాటిని మిస్త్రీ గ్యాసు మంటతో ముక్కలు కోస్తాడు. అంతే పని.

మూడోరోజు ఒక పెట్టెలో అది కనబడింది. జపాను మెషిన్‌గన్. దాని కర్ర పిడి చీలి, టెలిఫోను తీగతో చుట్టి ఉంది. ఆ తీగ చుట్టింది నేనే.

బర్మాలో మా బ్రెన్‌గన్ కాల్చేది నేను. పక్కన పడుకుని మందుగుండు అందించేవాడు మునస్వామి, నగరి నేతవాళ్ల బిడ్డ. ఒక గుట్ట కింద వానలో, బురదలో, ఈ తుపాకీ మమ్మల్ని రెండు గంటలు తల ఎత్తనివ్వలేదు.

"నువ్వు కాలుస్తా ఉండప్పా, నేను పోతా" అన్నాడు మునస్వామి.

బంకరు కన్నం దాకా పాక్కుంటూ పోయాడు. బయటికి పొడుచుకొచ్చిన గొట్టాన్ని రెండు చేతులా పట్టి లాగాడు. అది అతని గుండెలోనే పేలింది. ఆ తర్వాతే గుట్ట మాదైంది. చీలిన తుపాకీ పిడికి తీగ చుట్టి వెనక్కి పంపింది నేనే.

ఇప్పుడు దానికి ఒక విదేశీ అధికారి పేరున్న చీటీ వేలాడుతోంది.

"పాత తుపాకులు కూడబెడతాడంట" అన్నాడు గుమాస్తా. "వాళ్ల దేశంలో పేరు రాయించుకుంటే ఇంట్లోనే పెట్టుకోవచ్చంట. మనకు నాటు తుపాకికే లైసెన్సు కావాల. దీన్ని ఇంటికి తీసుకపోతే జైలే."

నేను ఊరుకోలేకపోయాను. మునస్వామి నాయనకు కార్డు రాశాను, మీవాడు పట్టిన తుపాకీ ఇక్కడ ఉందని. వారం తిరక్కుండానే, పదకొండు గంటల బండికి ఆయన వచ్చాడు. గోళ్ల సందుల్లో నీలం రంగు.

"ఇచ్చేదానికి చట్టం ఒప్పదు పెద్దాయనా" అన్నాడు సుబేదారు.

"నాకెందుకు సామీ తుపాకి? మావాడు చెయ్యేసిన తావు ఒకసారి తాకి పోతాను."

సుబేదారు వాకిలి వైపు చూశాడు. "పది నిమిషాలు" అని బయటికి నడిచాడు.

తుపాకీని బల్ల మీద పెట్టాను.

"యాడ పట్టుకున్నాడు నాయనా?"

గొట్టం చూపించాను. ఆయన రెండు అరచేతులూ అక్కడ ఆనించాడు. కొంతసేపటికి తలెత్తాడు.

"నిజం చెప్పబ్బా. వాణ్ణి సంపిన తుపాకి ఏమైంది?"



"అది వేరే, పెదనాయనా. గుట్ట మీదే ముక్కలైపోయింది" అన్నాను.

"పోనీలే. ఇది మావాడిది" అన్నాడు.

సాయంత్రం ఆ పెట్టెకు నేనే మేకులు కొట్టాను. రెండు నెలలకు సైన్యం నన్ను వదిలింది. వడమాలపేట చేరి సేద్యంలో పడ్డాను. నగరి బండి రోజూ మా పొలం పక్కగానే పోయేది. ఒక్కనాడూ ఎక్కలేదు. అబద్ధం చెప్పి మంచే చేశావని నా భార్య అనేది. కావచ్చు.

ఆవేళ ఆ మాట అన్నాక మునస్వామి నాయన తువాలు తీసి గొట్టాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచాడు. తర్వాత వంగి, దానికి చెంప ఆనించి, కళ్లు మూసుకున్నాడు.