డోరతమ్మ ఊరితో వేసిన ముగ్గు

ఇది నవ్వించడానికి రాస్తున్నది కాదు. నేను నవ్వే మనిషినీ కాను, నవ్వించే మనిషినీ కాను. మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. చదివి మీరు నవ్వితే అది మీ పెంపకం. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని మరీ, నిండు ప్రేమతో, ఈ రెండు చేతులతో నేను ఒక ముసలావిడ పుట్టిన ఊరిని సర్వనాశనం చేశాను. అది ఎలా జరిగిందో చెబుతాను. నన్ను చూసి నలుగురు జాగ్రత్తపడితే చాలు.

అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు. అంటే ఇంకా బుద్ధి రాని వయసు. ఇప్పుడు డెబ్బై రెండు నడుస్తున్నాయి కాబట్టి ఆ చిన్నతనాన్ని తలుచుకుని సిగ్గుపడే హక్కు వచ్చింది. అనంతపురం జిల్లాలో నాలుగో తరగతి దాకా చదివాను. అక్షరాలు వచ్చాయి, కూడికలు వచ్చాయి, ఇంకెందుకని మా నాయన మాన్పించాడు. ఇప్పుడుండేది సముద్రాలు దాటి రిచ్‌మండ్ హిల్‌లో, మా అమ్మాయి శైలజ దగ్గర. శైలజ ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పొద్దస్తమానం మీటింగుల్లో ఉంటుంది.

పక్కింటావిడ డోరతమ్మ. ఎనభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. వాడిన ప్లాస్టిక్ కవరును కడిగి దండెం మీద ఆరేసుకుంటుంటే చూశాను ఒకరోజు. ఆ రోజే అనుకున్నాను, ఈమె మన మనిషని. ఆమె ఇంగ్లీషు ఆమెది, నా ఇంగ్లీషు నాది. రెండూ మధ్యదారిలో ఎక్కడో కలుసుకునేవి. కలవనిచోట శైలజ కలిపేది. ఇక్కడ ఆమె మాటలన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

డోరతమ్మ పుట్టింది ఇంగ్లాండులో, తూర్పు సముద్రం ఒడ్డున ఒక పల్లెలో. దాని పేరు నాకు నోరు తిరగదు. మట్టి కొండ మీద ఒకే ఒక వీధి. చెకుముకి రాళ్ళతో కట్టిన ఇళ్ళు. వీధి చివర చర్చి. కింద ఒడ్డంతా గులకరాళ్ళు. అక్కడ రేవు లేదు. అందుకని పీతలు పట్టే పడవల్ని పొద్దున నీళ్ళలోకి తోసుకుని వెళ్ళి, తిరిగొచ్చాక తాళ్ళు కట్టి పైకి లాక్కునేవాళ్ళు. ముందు గుర్రాలు లాగేవట, తర్వాత తాడు చుట్టి లాగే మరచక్రం వచ్చింది. డోరతమ్మ నాయన కూడా పీతల పనే చేశాడు. రైలు వచ్చాక పట్నం జనం సముద్రస్నానానికి దిగబడ్డారు. బట్టలు మార్చుకోవడానికి ఒడ్డు పొడవునా కొయ్య గదులు లేచాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు.

ఊరికి అన్నీ ఉన్నాయి, అదృష్టం తప్ప. సముద్రం ఏడాదికింత చొప్పున కొండను కొరుక్కుతింటూ వచ్చింది. అలలకు అడ్డంగా దుంగలు పాతారు. దుంగల్నీ తినేసింది. ముందు చర్చి పోయింది, తర్వాత వీధి, చివరికి వీళ్ళ ఇల్లు. ఒక బావి చుట్టూ మట్టంతా జారిపోయి, ఇటుకల వరస మాత్రం పొగగొట్టంలాగా ఇసుకలో ఒంటరిగా నిలబడిందట. బిందెడు నీళ్ళ కోసం రెండు మైళ్ళు నడిచిన సీమదాన్ని నేను. నీళ్ళే ఊరి మీదికొచ్చి బావిని బయటికి లాగాయంటే ఎలా నమ్మేది? ఆమె పాత ఫోటో చూపించాక నోరు మూసుకున్నాను.

ఈ కథంతా డోరతమ్మ మా లైబ్రరీ హాల్లో, పెద్దవాళ్ళ కూటమిలో చెప్పాల్సి వచ్చింది. అక్కడ నెలనెలా ఒకరు తమ ఊరి గురించి మాట్లాడతారు. ఆమె వంతు శుక్రవారం మధ్యాహ్నం. పెద్ద అక్షరాలతో అయిదు కాగితాలు రాసుకుంది. జీవితంలో మొదటిసారి నలుగురి ముందు మాట్లాడటమట. ఆ ఊరిని చూసినవాళ్ళలో మిగిలింది తనొక్కతే, తను చెప్పకపోతే ఇక చెప్పేవాళ్ళు లేరంది.

బుధవారం సాయంత్రం ఒక గాజుసీసా పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“రత్నా, మా ఇంట్లో పైపుల పని జరుగుతోంది. మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఇది నీ దగ్గర పెట్టు. శుక్రవారానికి నాకు ఇదే ముఖ్యం.”

అంతే అంది. సీసాలో వరసలు వరసలుగా రంగులు. ఎరుపు, తెలుపు, పసుపు, బూడిద, పైన నలుపు. బిరడా మీద మైనం.

ఇక్కడ మీరు కాస్త నా పక్షాన నిలబడాలి. అంతకు వారం ముందే ఆమె మా వాకిట్లో నేను వేసిన బియ్యప్పిండి ముగ్గు చూసి, వంగి ఫోటో తీసుకుని, “ఇలాంటిది మా వాకిట్లో ఉంటే ఎంత బాగుంటుంది” అంది. మా వైపు ఒక పద్ధతుంది. ఇంట్లో మంచిపని ఉంటే, ముగ్గులో చేయి తిరిగినవాళ్ళింటికి ముందుగానే రంగులు చేరతాయి. ‘వచ్చి వెయ్యండి’ అని నోరు తెరిచి అడగరు. అడిగితే మర్యాద తక్కువ. డబ్బా అక్కడ పెట్టి, వేరే మాట మాట్లాడి వెళ్ళిపోతారు. అర్థం చేసుకోవడం చేయి తిరిగినవాళ్ళ వంతు. నేను అర్థం చేసుకున్నాను. ఇంత వివరంగా ఏ మనిషీ ఏ విషయాన్నీ తప్పుగా అర్థం చేసుకుని ఉండదు.

శుక్రవారం తెల్లవారగానే ఆమె వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, కూరగాయల కత్తితో మైనం కోశాను. పదిహేను చుక్కల పద్మం. ఆ పొడి వేళ్ళ సందున సరిగా జారలేదు, బరకగా ఉంది. ‘దేశం కాని దేశంలో ముగ్గుపొడి కూడా ఇలాగే ఏడుస్తుంది’ అనుకుని సర్దుకున్నాను. ఎరుపుతో రేకులు నింపాను. పసుపుతో తీగలు, తెలుపుతో గీతలు, బూడిదరంగుతో అంచు. నలుపు కాస్తే ఉంది కాబట్టి నట్టనడుమ దిద్ది, దాని మీద మందారం పెట్టి, ఆమె పని చక్కగా జరగాలని దండం పెట్టుకున్నాను. సీసాను పారేసే మనిషిని కాను. సబ్బుతో కడిగి, తుడిచి, తిరిగి ఇద్దామని పక్కన పెట్టుకున్నాను.

డోరతమ్మ తలుపు తీసింది. రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుంది.

“ఎంత అందంగా ఉంది! ఇదంతా నాకోసమేనా?”

“శుక్రవారం కదా,” అన్నాను, గొప్పలు పోకుండా.

“ఇన్ని రంగులు ఎక్కడ దొరికాయి నీకు?”

“మీరిచ్చినవే.” తళతళలాడే ఖాళీ సీసా ఎత్తి చూపించాను.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా మెట్టు మీద కూర్చుని, ముగ్గును చివరినుంచి చివరిదాకా చూసింది. ఏదో అంది, నాకు అందలేదు. శైలజను కేకేశాను. అది చెవులకున్నది తీయకుండానే పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందమ్మా? మీటింగ్‌లో ఉన్నా!”

“ముగ్గేశాను. ఆమెకు నచ్చలేదేమో అడుగు.”

శైలజ వంగి ఆమె మాటలు విన్నది. వింటూ వింటూ దాని మొహం మాడిన దోసెలా తయారయింది.

“అమ్మా, అది ముగ్గుపొడి కాదు. వాళ్ళ నాన్న ఇంకా చర్చి పడిపోకముందే ఊరంతా తిరిగి, ఒక్కో ప్లేస్ నుంచి పిడికెడు తీసి, లేయర్స్‌గా నింపినాడంట. ఆ ప్లేసులు ఏవీ ఇప్పుడు లేవు.”

“ఏవీ అంటే?”

“ఏవీ అంటే ఏవీ లేవు! మొత్తం సముద్రంలోకి పోయినాయి. ఇవాళ టాక్‌లో చూపించేదానికి ఆమె దగ్గర ఉండేది ఇదొక్కటే.”

డోరతమ్మ వేలితో ఒక్కొక్కటే చూపించసాగింది. ఎరుపు రేకులు వాళ్ళ కొండ. పసుపు తీగలు నాయన పడవ నిలిపిన చోటు. తెల్లగీతలు బడికి నడిచిన సుద్దబాట. బూడిదరంగు వాళ్ళ పొయ్యిది.

“మరి నడుమ నల్లటిది?” అన్నాను.

శైలజ అడిగి తెలుసుకుని, నావైపు చూడకుండా చెప్పింది. “చర్చి పక్కన వాళ్ళ తాత సమాధి ఉండేదంట. అక్కడిది.”

చదివేవాళ్ళు ఒకసారి ఆగండి. నేను ఏకాదశి తప్పని మనిషిని. నేను ఒక ఆడమనిషి గడప ముందు శ్మశానం మట్టితో పద్మం వేసి, పువ్వు పెట్టి, దండం పెట్టాను. ఊరు పొమ్మంటే కాడు రమ్మంటుందని సామెత. ఇక్కడ ఊరూ కాడూ కలిసి నా వేళ్ళకు అంటుకుని ఉన్నాయి.

“నేను తలస్నానం చేసొస్తా.”

“అమ్మా! ముందు ఇసుక ఎత్తు! శ్మశానం సంగతి తర్వాత!” అని అరిచింది శైలజ. మ్యూట్ చేయడం మరిచిపోయిందట. దాని ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు, ముగ్గురూ విన్నారు.

ముగ్గు వేయనేల, ఇసుక ఏరనేల! ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని, చెంచాతో, పాత పోస్టుకార్డుతో ఒక్కో రంగూ విడిగా ఎత్తసాగాం. ఎరుపు సగం వచ్చింది. ఇంతలో బుస్సుమని శబ్దం. మా గడ్డికి నీళ్ళు చిమ్మే యంత్రం తిరిగింది. ఒకే యంత్రంతో రెండిళ్ళ మొక్కలూ తడవాలని, నీళ్ళు వృథా కాకూడదని, దాన్ని ఆమె వాకిలివైపు తిప్పి, పొద్దున ఆ టైముకే తిరిగేలా పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. శైలజ పరుగెత్తి ఆపేలోపల కొండా, బాటా, పొయ్యీ, తాతా అన్నీ ఒకటే బురద.

డోరతమ్మ లేచింది. “నేను ఇవాళ వెళ్ళను,” అంది. “చేతిలో ఏమీ లేకుండా లేని ఊరి గురించి చెబితే ఎవరు నమ్ముతారు?” తలుపు వేసుకుంది.

నాకు ఇసుక తెలుసు. ఇసుకలో వేరుశనగలు వేయించి పెరిగిన చేయి ఇది. ఆ బురదనంతా ఎత్తి, ఇంటికి తీసుకెళ్ళి, బాణలిలో పోసి, ఉప్మారవ్వ వేయించినట్టు సన్నసెగ మీద తడి పోయేదాకా వేయించాను. ఆరాక సీసాలోకి ఎత్తాను. వరసలు లేవు, రంగులు లేవు. అంతా పాత సిమెంటు రంగు. బాణలిలో ముందురోజు పోపు అంటుకుని ఉందేమో, అక్కడక్కడ పసుపు పలుకులు కూడా చేరాయి. తలస్నానం చేసి, సీసా పట్టుకుని ఆమె తలుపు కొట్టాను.

పెళ్ళయినప్పటి నుంచి నా నోట తప్పయిందన్న మాట రాలేదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి అది వినకుండానే పోయాడు. ఆ రోజు అన్నాను. “డోరతమ్మా, తప్పయింది. సారీ.”

ఆమె సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది. తర్వాత, “కోటు వేసుకో రత్నా, టైమవుతోంది,” అంది.

హాల్లో ముప్పైమంది దాకా ఉన్నారు. పక్కన శైలజ కూర్చుని నాకు చెవిలో చెబుతోంది. డోరతమ్మ కాగితాలు చూడకుండా చెప్పింది. రాళ్ళ ఇళ్ళు, పడవలు, కొయ్య గదులు, ఒంటరి బావి, అన్నీ. చివర్లో సీసా ఎత్తింది.

“మా నాన్న నింపినప్పుడు ఈ సీసా, మా ఊరు ఒకప్పుడు ఎలా ఉండేదో అలా ఉండేది. ఇవాళ్టి నుంచి, మా ఊరు ఇప్పుడు ఎలా ఉందో అలా ఉంది. నీళ్ళ అడుగున కొండ వేరు, చర్చి వేరు, మా ఇల్లు వేరు అని ఏమీ లేదు.”

నేను నేలచూపులు చూస్తున్నాను.

“ఇలా కలపడానికి సముద్రానికి మూడు తరాలు పట్టింది,” అంది డోరతమ్మ. “అదిగో, మూడో వరసలో పట్టుచీర కట్టుకున్న నా స్నేహితురాలు, బ్రేక్‌ఫాస్టు లోపలే పూర్తి చేసింది.”

ముప్పైమందీ నావైపు తిరిగి నవ్వారు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా శైలజ, నా కడుపున పుట్టింది, అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వులు తగ్గాక ముందువరసలో ఆయన సీసాను చేతిలోకి తీసుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

“ఈ పసుపు పలుకులు మీ ఊళ్ళో ఏ చోటివండీ?”

డోరతమ్మ నావైపు చూసింది. తడుముకోకుండా చెప్పింది.

“అది అనంతపురం.”

కాబట్టి ఇందుమూలంగా నలుగురి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. డోరతమ్మ చేతినుంచి వచ్చిన ఏ సీసా మూతా, ఏ డబ్బా మూతా, ఏ కారణం చేతా, నా ప్రాణం ఉండగా నేను తీయను. ఈ మాట ఎంత నిష్ఠగా నిలబెట్టుకుంటున్నానో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. పోయిన క్రిస్మస్‌కు ఆమె రేకు డబ్బా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. దేవుడి పటాల పక్కన పెట్టి, రోజూ దుమ్ము తుడుస్తూ, భద్రంగా జూన్ దాకా కాపాడాను.

లోపల ఉన్నది కేకు అట.