గుహ రాయి సారు

మా చేవెళ్ల ఇంట్లో కిరాయికున్న సారు కోస్తా నుంచి వచ్చిన భూగర్భశాస్త్ర అధ్యాపకుడు. ఏ రాయి దొరికినా ముందు బొటనవేలితో దాని పొరలు తడిమి చూసేవారు.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో, పట్నం నుంచి ఇద్దరం ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వస్తున్నాం.

"మీ మాట విన్నరంటే కోస్తాయన అని తెలిసిపోతది. నోరు తెరవకుండ్రి సారూ" అని ముందే చెప్పాను.

మొయినాబాద్ దగ్గర కొందరు యువకులు బస్సు ఆపారు. ఒకతను సారు సంచిలోంచి రాతిముక్క తీసి కిటికీ అద్దాన్ని కొట్టడానికి ఎత్తాడు.

"ఆ రాయి పగలగొట్టకండి బాబూ" అన్నారు సారు.

"ఆంధ్రాయన" అన్నారెవరో. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

సారు బొటనవేలితో ఆ రాయి మీది ఎర్రచార తడిమారు. "గుహలో నీళ్లు చుక్కచుక్కగా కారి ఇది పెరిగింది. వరద తెచ్చిన మట్టిలోని అయస్కాంతపు రజను ఈ పొరల్లో చిక్కుకుంది. దాన్ని కొలిస్తే వేల ఏళ్ల కిందటి వానల సంగతి తెలుస్తుంది."

"గప్పుడు గూడ కరువులుండెనా?" అన్నాడతను.

"ఉండే ఉంటాయి. అదే చూద్దామని."

అతను రాయిని నా ఒళ్లో పెట్టాడు. "ఈయనను జల్ది ఇంటికి తోల్కపో అక్కా. ముంగటున్నోళ్లు గిట్ల అడగరు, కొడ్తరు."

చేవెళ్ల చేరేదాకా సారు ముందు సీటు కడ్డీ వదల్లేదు.

దిగాక అడిగాను, "భయమైతలేదా సారూ?"

"అవుతోందమ్మా. ఇంకా తగ్గలేదు" అంటూ రోడ్డు పక్కనే కూలబడ్డారు. ఆయన లేచేదాకా నేనూ పక్కనే కూర్చున్నాను.