లింగమ్మత్త ఖాళీ చేతులు

అన్నం వార్చేటప్పుడు గంజి ఆవిరి ముఖానికి తగిలితే చాలు, నాకు ఎమ్మిగనూరులోని మా మగ్గాల వీధి గుర్తొస్తుంది. పొద్దు పొడవకముందే వీధి పొడవునా నిలువు పోగుల పడుగు సాచి, నూలుకు గంజి పట్టించి, రెండు పక్కలా నిలబడి కుంచెలతో దువ్వేవాళ్లం. ఎవరింటి పడుగైనా వీధంతా చెయ్యి వేయాల్సిందే. ఎండ ముదిరేలోపు దువ్వడం పూర్తికాకపోతే పోగులు అతుక్కుపోయి, మగ్గమెక్కాక పుటుక్కు పుటుక్కున తెగేవి. ఆ ఇంటివాళ్లకు నెల కూడు పోయినట్టే.

ఆ పనికి పెద్ద మా ఎదురింటి లింగమ్మత్త. డెబ్బైల చివర్లో నేను ఆదోని నుంచి కోడలిగా వచ్చేనాటికే వీధి ఆమె మాట మీద నడిచేది. విచిత్రమేమంటే ఆమె కుంచె ముట్టేది కాదు. కొంగు నడుముకు దోపుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ, ఒకరిని బిడ్డ జ్వరం గురించి అడిగేది, ఇంకొకరికి కాస్త జరిగి నిలబడమని చెప్పేది. పెత్తనమంటే ఇదే కాబోలని నేను లోలోపల మూతి విరిచేదాన్ని.

కళ్లకు పొరలు కమ్మాక ఆమె ఆ పెత్తనం నాకప్పగించింది. కుంచె పట్టని పెద్దరికం నాకు సిగ్గనిపించింది. గంజి నేనే కాచాను, గడపగడపకూ తిరిగి నేనే పిలిచాను, తెగిన పోగులూ నేనే ముడివేశాను. ఇంటికొచ్చేసరికి చంటిబిడ్డను ఎత్తుకునే ఓపిక ఉండేది కాదు. కొన్నాళ్లకే జ్వరంతో మంచం పట్టాను. నావల్ల కాదని చెప్పేద్దామని ఆ జ్వరంతోనే లేచి ఆమె అరుగు దగ్గరికి వెళ్లాను. నేను వద్దంటే ఆ పని తీసుకునేవాళ్లు లేరని ఇద్దరికీ తెలుసు.

అంతా విని ఆమె నా రెండు చేతులూ తడిమి చూసింది.

"నీ సేతులు ఖాళీగా ఉంటేనే కదమ్మే, పడేటోళ్లకు సెయ్యందిస్తావు. దినానికి ఒకరికి ఒక పని నేర్పు. నేర్పినాంక దాని జోలికి పోవద్దు."

"పాడు చేస్తే, అత్తా?"

"సేస్తారు. నేర్సుకునేటోళ్లకు నా పడుగే ఇయ్యి."

మర్నాడు గంజి కాచే పని మా పక్కింటి సుంకమ్మకు అప్పగించాను. ఉండలు కట్టింది. నేను గరిటె లాక్కోబోతే లింగమ్మత్త నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ ఉండల గంజి అత్త పడుగుకే పట్టించాం. దాన్ని నేయడానికి ఆమె కొడుకు ఎంత తిట్టుకున్నాడో వీధంతా విన్నది. ఆమె మాత్రం సుంకమ్మను ఒక్క మాట అననివ్వలేదు. అలా ఒక్కొక్కరికీ ఒక్కో పని అబ్బింది. నా జ్వరం తగ్గింది, బిడ్డకు అమ్మ మళ్లీ దొరికింది. అంతకుముందు ఆమెను పెత్తందారనుకున్నందుకు నాలో నేనే నవ్వుకున్నాను.

ఎనభైల నడుమ ఒక వానాకాలం ఉదయం, పడుగుకు అప్పుడే గంజి పట్టించాం. ఎదురింట్లోంచి ఏడుపు వినిపించింది. లింగమ్మత్త పోయింది. వీధిలో చావంటే పని ఆగాలి. తడిసిన పడుగును వదిలేస్తే ఆ నూలు ఇక దేనికీ పనికిరాదు. ఆ పడుగు మగదిక్కు లేని ఇంటిది. కుంచెలన్నీ ఆగాయి, అందరూ నా వైపు చూశారు.

నేనేమో ఏడుస్తూ ఆమె ఇంట్లోకి వెళ్లి తల దగ్గర కూర్చున్నాను. కాసేపటికి బయట సుంకమ్మ గొంతు వినిపించింది. "కానీండి. అత్త ఉంటే తడి పడుగు ఇడిసిపెట్టనిస్తాదా?" మళ్లీ కుంచెలు కదిలాయి.

పడుగు ఆరి, చుట్టేదాకా నన్నెవరూ పిలవలేదు. ఆ క్షణంలో కాస్త చివుక్కుమన్న మాట నిజమే. నేను లేకుండా పని సాగిపోతే ఇప్పటికీ ముందు ఆ చివుక్కే. ఆ తర్వాత కడుపు నిండిపోతుంది. ఆ ఉదయం ఎవరూ పిలవకపోబట్టే, ఆమె చల్లబడిన చేతిని నా రెండు చేతుల్లో పట్టుకుని కూర్చోగలిగాను.