నాయన కోపాన్ని మింగేసిన మాత్ర

మా నాయన ఉదయగిరిలో అరిస్తే మర్రిపాడులో గొర్రెలు మేత ఆపేవి. ఇది నేను కట్టిన మాట కాదు, గొర్రెలే ఒప్పుకున్నాయి. ఆ గొంతే మా ఆస్తి. చెరువు నీళ్ళ వంతు దగ్గర తగువొస్తే మా ఊళ్ళో సాక్ష్యాలు ఎవరూ అడగరు. తూము దగ్గర పెద్దలు కూచుంటారు, ఇద్దరూ అరుస్తారు, ముందు ఎవరి గొంతు బొంగురుపోతే వాడు తువ్వాలు దులుపుకుని ఇంటికి పోతాడు. నాయన ఎన్నడూ తువ్వాలు దులపలేదు.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో ఒకనాడు ఆయన ముక్కులోంచి రక్తం కారింది. బస్సెక్కించి ఆత్మకూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు నాయన చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం ఎక్కిన ఎత్తు చూసి తనే కుర్చీలో వెనక్కి వాలాడు.

"కోపమొస్తే గుండె ఎందుకు ఎగిరిపడతాదనుకున్నావు? సింపథెటిక్ నరాలని ఉండాయి. వాటి చివర్లలో మందుగుండు దాచుకోనుంటాయి. అది పేలిందంటే గుండె పరిగెత్తతాది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. సర్పగంధి వేరులోంచి తీసిన ఈ మాత్ర ఆ మందుగుండును మెల్లంగా ఖాళీ చేస్తాది" అన్నాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు: "పైకి లేచేటప్పుడు నిదానం. నిలబడంగానే కాళ్ళలోకి జారే రక్తాన్ని బిగబట్టేది గూడా ఆ నరాలే."

డాక్టరు ఒకటన్నాడు, నాయన రెండు మింగాడు. మందైనా కడుపునిండా ఉండాలని ఆయన నమ్మకం.

కొన్నాళ్ళకు ముక్కు దిబ్బడేసి, మాట కుండలోంచి వచ్చినట్టు వచ్చేది. కొత్త పంచెను బర్రె నమిలేస్తే "పాపం, ఆకలేమో" అన్నాడు. అమ్మ గుండెలు బాదుకుంది. "ఈయన నా మొగుడు గాదురా! ఆత్మకూరులో ఎవురినో మార్చి పంపించినారు!"

సరిగ్గా అప్పుడే మా వరి పొట్టమీదికొచ్చింది. ఒక్క తడి అందకపోతే అంతా తాలే, ఏడాదంతా పస్తే. పై మడి వాడు నాయనకు వరసకు బావ. మా వంతు నీళ్ళు తన మడికి తిప్పుకున్నాడు. తూము దగ్గర పెద్దలు కూచున్నారు.

బావ మా తాతతో మొదలుపెట్టి కిందికి తిట్టుకుంటూ వచ్చాడు. నాయన గట్టుమీద కూచుని తల ఊపుతున్నాడు. "నీ మడి గూడా ఎండతా ఉండాది గదా బావా" అన్నాడు.

నేను చెవిలో గొణిగాను. "తిట్టు నాయనా! మడి పోతాది!"

"రావడం లేదురా. లోపలంతా వెతకతా ఉండాను, దొరకలా."

బావ రెచ్చిపోయాడు. "ఏందిరా, గొంతును బస్సులో మరిచిపోయి వచ్చినావా?"

పెద్దలు పకపకా నవ్వారు. నాయనకు కోపం రాలేదు గానీ, అలవాటు వచ్చింది. ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. గోనెసంచిలాగా దబ్బున కూలాడు.

"చంపినావు గదరా!" అన్నాడొక పెద్దాయన.

"నేను తాకలా! అందరూ చూసినారు గదా, తాకలా!" బావ గొంతు అక్కడికక్కడే బొంగురుపోయింది.

"తాకడమెందుకు? ఆ తిట్లు చాలవా?"

పడుకుంటే రక్తం తలకు చేరుతుంది, లేస్తాడని నాకు తెలుసు. తెలిసిందంతా తూము దగ్గర చెప్పాలని రూలేమీ లేదు కదా. నేను బిగ్గరగా ఏడ్చాను. బావ తువ్వాలు తడిపి నాయన మొహాన పిండాడు. నాయన కళ్ళు తెరిచాడు.

"మొహాన గాదు బావా," అన్నాడు ముక్కుతో, "మా మడిలో పొయ్యి."

బావే పారతో కాలవ మా మడికి తిప్పాడు. మడి నిండేదాకా తనే నాయన పక్కన కాపలా కూచున్నాడు. నాయన లేవబోయినప్పుడల్లా భుజం అదిమి, "కూచో సామీ, నీకు దణ్ణం పెడతా. నిండినాక లేద్దువు" అన్నాడు.