సంచి ఎవురిది?

మారికుప్పంలో బెంగళూరుకు బయలుదేరే పొద్దుటి రైల్లో ముందు సంచి ఎక్కుతుంది, తర్వాత మనిషి. కిటికీలోంచి సంచి విసిరారంటే ఆ సీటు వాళ్లదే. దాన్ని జరిపే మొనగాడు కోలారు జిల్లాలో ఇంకా పుట్టలేదు.

రాబర్ట్‌సన్‌పేట కమలాక్షిని బతికించింది ఆ అలవాటే. ఆఫీసు నుంచి వస్తూ, బెంగళూరులో బస్టాపు బెంచీ మీద సంచి చూసి, ఎవరో సీటు పట్టుకున్నారనుకుని దూరంగా స్తంభం వెనక నిలబడింది. అందులో బాంబు ఉంది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు మళ్లీ లేవలేదు. కమలాక్షికి ఎడమ చెవి పోయింది.

గాయం మానింది గానీ భయం మానలేదు. కుక్కర్ కూతపెడితే వీధిలోకి పరుగెత్తేది. చుట్టాలొస్తే సంచులు గుమ్మం బయటే పెట్టమనేది, దాంతో వాళ్లు రావడమే మానేశారు. పాపం, మతి చెదిరిందని పేటంతా తేల్చేసింది. ఇలాంటివి తేల్చడానికి మనవాళ్లకు డాక్టరు అక్కర్లేదు.

సెలవులు అయిపోయాయి. ఇక రైలెక్కకపోతే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం.

"ఇంట్లోనే ఉండు కమలా," అన్నాడు భర్త అనంత్.

"ఇంట్లో ఉంటే మాత్రం భయం యాడికి పోతాది?" అని బయలుదేరింది.

రైలు పెట్టె నిండా మనుషుల్లేని సంచులు. దిగిపోబోయి ఆగి, గొంతంతా పెట్టి అడిగింది.

"ఈ సంచి ఎవురిది?"

అందరూ నవ్వారు. "బాంబమ్మ వచ్చినాది," అన్నాడు రోజూ ఆ పెట్టెలోనే వెళ్లే బ్యాంకు గుమాస్తా తిమ్మరాయప్ప. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇంకో సంచి చూపించి అడిగింది.

మర్నాడూ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. నవ్వి నవ్వి విసుగొచ్చి జనం జవాబు చెప్పసాగారు. ఒకరోజు ఒక సంచికి జవాబు రాలేదు. పెట్టెంతా లేచి నిలబడింది. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతున్న తిమ్మరాయప్ప చొక్కా మీద ఒలకబోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"నాదే తల్లీ. చిత్రాన్నం ఉండాది, అంతే."

ఆ రోజుతో బాంబమ్మ అనే పేరు పోయింది.

మొన్న సోమవారం కమలాక్షి ఆలస్యంగా వచ్చింది. రైలు కిటకిటలాడుతోంది. ఆలోచించేలోపే ఆమె చెయ్యి తన సంచిని కిటికీలోంచి విసిరేసింది. తోసుకుంటూ లోపలికి వెళ్లేసరికి దాని పక్కన తిమ్మరాయప్ప కాపలాగా నిలబడి ఉన్నాడు.

"ఈ సంచి ఎవురిదమ్మా?" అన్నాడు నవ్వాపుకుంటూ.

"నాదేనప్పా," అంది కమలాక్షి. "సీటు గూడా నాదే. ఇంగ జరుగు."