పది లక్షల మూడు, పది శాంపిళ్లు

తొంభైల చివర్లో గుంటూరులో ఎమ్మెస్సీ లెక్కలు చదివేటప్పుడు నేను ఒక సంఖ్యకు భయపడ్డాను. పది లక్షల మూడు. చూడ్డానికి సాధువైన సంఖ్యే.

మా లైబ్రరీలో ప్రధాన సంఖ్యల పట్టిక పది లక్షలతో ఆగిపోయేది. అది దాటాక వచ్చే మొదటి ప్రధాన సంఖ్య ఇదేనని నేనూ, బ్రాడీపేటలో నా రూమ్మేటూ కలిసి ప్రాజెక్టు రాశాం. దాని వర్గమూలం దాదాపు వెయ్యి. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది. వాటిలో ఏదీ దీన్ని నిశ్శేషంగా భాగించకపోతే చాలు. చిన్నవి ఎనభై నాలుగు నేను తీసుకున్నాను, పెద్దవి ఎనభై నాలుగు వాడు. వాళ్ల నాన్నగారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి.

వైవా రోజు ఉదయం డిపార్ట్‌మెంటు వరండాలో వాడి కాగితాలు తీసి చూశాను. పది భాగహారాలున్నాయి.

"మిగతావేవిరా?"

"శాంపిల్ చూశా కదరా. చేతికొచ్చిన పది తీశా. ఒక్కటీ భాగించలా. లాటు బాగానే ఉంది."

సంచిలో చెయ్యిపెట్టి నాలుగు కాయలు తీసి, రంగు చూసి, లాటు మొత్తానికి ధర చెప్పడం వాడు పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు. మిరపకాయలకు అది న్యాయమే. ఒక తాలుకాయ ఉన్నంతమాత్రాన సంచి పాడవదు. ప్రధాన సంఖ్యకు ఆ వెసులుబాటు లేదు. భాగించేది ఒక్కటి దొరికినా సంఖ్య పోతుంది, ప్రాజెక్టు పోతుంది, ఏడాది పోతుంది. ఈసారి తప్పితే పత్తికి మందు కొట్టడానికి కూలి మనిషిని వెతకనక్కర్లేదని మా నాన్న ఎంతో ప్రేమగా చెప్పి ఉన్నారు.

డెబ్భై నాలుగు మిగిలాయి. కాలిక్యులేటర్ ఒకటే. వాడు చదువుతుంటే నేను నొక్కాను. బిందువు తర్వాత అంకెలు కనిపిస్తే ఉద్యోగం, కనిపించకపోతే వ్యవసాయం. నాలుగు వందల తొంభై తొమ్మిది దగ్గర బిందువు పక్కన సున్నా పడింది. ఆ సున్నా పక్కన ఒకటి ఉందని చూడ్డానికి కాసేపు పట్టింది.

ఇంకా ఆరు ఉండగా లోపలికి పిలిచారు.

ఒంగోలు నుంచి వచ్చిన ఎగ్జామినర్ కాగితాలు తిరగేసి, "అన్నిటితోనూ భాగించి చూశారా?" అన్నారు.

"చూశామండీ." ఆ గొంతు నాదేనట.

"చివరిదానితో ఒకసారి బోర్డు మీద చెయ్యండి."

చివరిది తొమ్మిది వందల తొంభై ఏడు. మేం చూడని ఆరింటిలో అదీ ఒకటి. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. నా రూమ్మేటు కిటికీలోంచి వేపచెట్టును పరిశోధిస్తున్నాడు.

"శేషం పన్నెండండీ."

ఆయన సంతకం పెట్టారు.

బయటికి రాగానే వాడు, "పదరా, టీ తాగుదాం" అన్నాడు.

"ఇంకా ఐదున్నాయి."

"పాసయ్యాం కదరా."

"మనం పాసయ్యాం. అది ఇంకా అవలేదు."

మెట్లమీద కూర్చున్నాను. కాగితం తీసి చేత్తోనే భాగించడం మొదలెట్టాను. ఇప్పుడు గనక ఏదైనా భాగిస్తే తిరిగి లోపలికెళ్లి, సార్, అబద్ధం చెప్పానండీ అనాలి. అనగలనో లేదో నాకు తెలియదు. నాలుగు గండాలు గడిచాయి. ఆఖరిది తొమ్మిది వందల తొంభై ఒకటి. శేషం ఎనభై నాలుగు.

అనగలనో లేదో తేలకుండానే పోయింది. నేనేమీ బాధపడలేదు.