తేటబడిన గుంత

మా సైన్సు సారు పోయారట. వికారాబాదు నుంచి వచ్చిన బస్సు కండక్టరు టికెట్టు చింపుతూ ఆ మాట చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. తాండూరు బడిలో నేను తెలుగు చెప్పేవాణ్ణి, ఆయన సైన్సు చెప్పేవారు. ఏళ్ల తరబడి పక్కపక్క గదుల్లో ఉన్నాం. దుఃఖం ఆగలేదు, బస్సులో అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

ఆయనతో వేగడం సులువు కాదు. ఎవరింటికి పోయినా ఇచ్చిన నీళ్లను ముందు వాసన చూసేవారు. ఆ ఇంటి ఇల్లాలి ముఖం మాడిపోయేది, నాకు తల తీసేసినట్టుండేది. ఇదేం పని అంటే, "కండ్లకు కనవడకుంటె లేనట్టేనా?" అని నన్నే దబాయించేవారు.

ఒక రోహిణి కార్తెలో ఇద్దరం బషీరాబాద్ దారిన నడిచి వస్తున్నాం. దారి పక్కన, నాపరాళ్లు తీసి వదిలేసిన చిన్న గుంత ఒకటుంది. జొన్నకు కాటుక తెగులు పట్టకుండా రైతులు విత్తనాలను మైలుతుత్తం నీళ్లలో ముంచి తీసి, మిగిలిన నీలం నీళ్లు అందులో పారబోసేవారు. నీలంగా ఉన్నన్నాళ్లు గొల్లలు మందను అటు పోనిచ్చేవారు కాదు. ఆ ఏడు కానుగాకు రాలి, గుంతలో కుళ్లి, నీళ్లు తేటబడ్డాయి. రంగుతో పాటు విషమూ పోయిందనుకొని ఒక ముసలి కాపరి మందను దింపుతున్నాడు.

సారు చెప్పులు వదిలేసి పరుగెత్తి మందకు అడ్డం నిలబడ్డారు.

"కాకా, ఆపు! తుత్తంల ఉన్న రాగి ఎటూ పోలే. కుళ్లిన ఆకు దాన్ని పట్టుకొని అడుగున గూసున్నది. గొర్లు దిగి తొక్కితె బురదతోని కడుపులకు పోతది."

"పొద్దటిసంది సుక్క నీళ్లు లేవు సారూ! దూపకు సస్తె నువ్వు తెస్తవా? గివి తాగితె పక్కా సస్తయా?"

"నాకు తెల్వది," అన్నారు సారు. "గని తాగనియ్య."

ఆ వేళకు చస్తాయని ఒక అబద్ధమాడితే ఏం పోయిందని లోలోపల మండిపడ్డాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పి కూడా కదలకుండా నిలబడవచ్చని నాకు చూపించింది ఆయనే.

ఈలోగా ఒక గొర్రె పక్కనుంచి దూరి, అడుగంతా కలిపి, ఆ బురదనీళ్లు కడుపునిండా తాగింది. ముసలాయన తిట్టుకుంటూనే మందను కాగ్నా నది వైపు తిప్పాడు. ఎండకు గొర్రెలు నాలుకలు చాపి తూలుతున్నాయి. ఒక్కటి దూపకు పడినా ఆ పాపం మాదే అని భయపడుతూ నడిచాను. పొద్దు వాలేవేళ పడింది మాత్రం గుంతలో తాగినదే. నీలిపచ్చగా పారుకొని, కాళ్లు కొట్టుకొని చచ్చిపోయింది. ముసలాయన దాని పక్కన కాసేపు కూర్చొని, లేచి మిగతా మందను అదిలించాడు.

కాగ్నా ఇసుకలో ముగ్గురం చెలమ తోడాం. నీళ్లు ఊరి తేరుకున్నాయి. గొర్రెలు ఎగబడబోతే ముసలాయన కర్ర అడ్డం పెట్టాడు.

"గివి గూడ తేటగనే ఉన్నయి గద సారూ. ముందుగల నువ్వు తాగు."

సారు మోకాళ్ల మీద వంగి దోసిలి పట్టారు. వెనక మంద రొప్పుతోంది. ముసలాయన చూపు సారు గొంతు మీదే ఉంది. గుటక దిగింది. కర్ర కదల్లేదు. సారు మోచేతుల నుంచి నీళ్లు కారుతుండగా, ఇంకో దోసిలి పట్టారు.